మా తాంబూలాలకు మూడు పటాలాలు

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఏ యుద్ధమైనా కాఫీ చల్లారేలోపు తేలిపోయేది. ప్రపంచంలో ఎవరు ఎవరి మీదకి వెళ్ళినా సరే, ఎటువైపు నుంచి ఎంతమందిని దింపాలో మా వీధి అరుగుల మీద ముందే నిర్ణయమైపోయేది. మాది కాలువకు అటూ ఇటూ పరుచుకున్న చిన్న వ్యాపారపు ఊరు. ఇవతల గట్టున మా నాన్నగారి పప్పుల కొట్టు, అవతల గట్టున బెల్లం కొట్టు మావయ్యగారిది, మధ్యన ఒక వంతెన. వాళ్ళిద్దరూ వరసకి బావలు. ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నవాళ్ళు. అయినా ‘అండి’ లేకుండా మాట్లాడుకోవడం నేనెప్పుడూ వినలేదు. పైగా కోపం పెరిగేకొద్దీ అండీలు కూడా పెరిగేవి. (మాట మాటకీ అండి పడటం మొదలైందంటే మా అమ్మ పొయ్యి కట్టేసి హాల్లోకి వచ్చేసేది.) కోపాలన్నీ రాజకీయం మీదే. నాన్నగారు ఢిల్లీలో ఏలుతున్న పార్టీ మనిషి, మావయ్యగారు హైదరాబాదులో ఏలుతున్న పార్టీ మనిషి. ఎండ ఎక్కువగా ఉందని ఒకరంటే, దానికి బాధ్యత ఎవరిదని రెండోవారు అడిగేవారు.

అలాంటి ఇద్దరూ వియ్యంకులు కాబోతున్నారు. పిల్లని నేను. కాకినాడలో డిగ్రీ పూర్తిచేసి, ఇంట్లో వారపత్రికలు నమిలి మింగుతున్న రోజులవి. అబ్బాయి మావయ్యగారి రెండోవాడు, కాకినాడలోనే ఎరువుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. చిన్నప్పటినుంచీ తెలిసినవాడే, కానీ పెళ్ళిచూపులు పెళ్ళిచూపులే కదా. బొబ్బట్టు కొంచెం తుంచి నోట్లో వేసుకుని, పెద్దవాళ్ళకి వినపడకుండా, “ఇవి నిజంగా నువ్వే చేశావా?” అని అడిగాడు. “లేదండి, మా అమ్మ చేసింది. నేను పళ్ళెంలో పెట్టాను,” అన్నాను. అతను నవ్వాడు. అంతే, నా పని అయిపోయింది. అంతకుముందు వచ్చిన భీమవరం సంబంధం వాడు ఒక పూటంతా రొయ్యల మేత గురించి చెప్పి, నా మొహం వంక చూడకుండానే బస్సెక్కేశాడు. ఇది తప్పిపోతే మళ్ళీ అదే ఖాయమని అమ్మ ముందే చెప్పి ఉంచింది. కాబట్టి గురువారం తాంబూలాలు పుచ్చుకునేదాకా నా ప్రాణం గుప్పిట్లోనే ఉంది.

ఆ ఆదివారం ఉదయం ముహూర్తం మాట్లాడటానికి మావయ్యగారు మా ఇంటికి వచ్చారు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాం, కాఫీ ఇచ్చాం. సరిగ్గా అప్పుడే పేపరు వచ్చి గుమ్మంలో పడింది. శ్రీలంకకి మన సైన్యం వెళ్ళి అప్పటికి కొన్ని నెలలైంది. ఇంకా బలగాలు పంపుతున్నారని మొదటి పేజీలోనే వేశారు. నాన్నగారు ఆ ముక్క పైకి చదివి, “ఇంకో రెండు పటాలాలు దింపితే వారంలో ముగిసిపోతుందండి,” అన్నారు.

“అలా ఎలా ముగుస్తుందండి? చెట్టు చాటున ఒకడుంటాడు, వాడి మీదకి వందమందిని పంపితే ఏంటండి లాభం? వెనక్కి పిలిపించేయాలండి,” అన్నారు మావయ్యగారు.

“మా కొట్లో బస్తా ఇద్దరు హమాలీలకి లేవకపోతే నలుగుర్ని పెడతానండి. నలుగురికీ లేవకపోతే ఆరుగురండి. లేచి తీరుతుందండి.”

“బస్తా పారిపోదు కదండి బావగారూ! బస్తా తిరిగి కాల్చదు కదండి!”

నేను తలుపు చాటున నిలబడి పొరపాటున కిసుక్కుమన్నాను. నాన్నగారి మొహం ఎర్రబడింది. (ఈ మొత్తం వ్యవహారంలో నా వాటా ఇంతే, కానీ కాస్త పెద్ద వాటాయే.) “యుద్ధం గురించి తెలియనివాళ్ళతో మాట్లాడటం నాదే తప్పండి,” అన్నారాయన. మావయ్యగారు లేచి నిలబడ్డారు. చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేశారు. అందులో సగం కాఫీ అలాగే ఉంది. మా వైపు ఇంటికొచ్చినవాడు సగం కాఫీ వదిలి వెళ్ళాడంటే ఇంక మాటలక్కర్లేదు. అయినా ఆయన గుమ్మం దాటుతూ అనేశారు: “గురువారం మేం రావట్లేదండి.”

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “మీరే వెళ్ళి ఒక్క మాట చెప్పి రండి, అయిపోతుంది,” అంది. సేనాపతి ముందు వెళ్ళకూడదట. సోమవారం పొద్దున్నే పెదనాన్ననీ బాబాయినీ పంపించారు నాన్నగారు. నేను డాబా ఎక్కి బట్టలారేస్తున్నట్టు నటిస్తూ వాళ్ళు వంతెన దాటడం చూశాను. ఎనిమిదింటికి వెళ్ళినవాళ్ళు మూడు దాటాక తిరిగొచ్చారు, తాంబూలాలతో. నా తాంబూలాలు కావు, భోజనం తర్వాత నమిలేవి. విషయం ఏంటంటే, కోపం కోపమే, మర్యాద మర్యాదే. గుమ్మంలోకి వచ్చినవాళ్ళని అత్తగారు పెసరట్టు ఉప్మా పెట్టకుండా కూర్చోనివ్వరు, భోజనం పెట్టకుండా లేవనివ్వరు. ఒకసారి ఆ ఇంటి అన్నం తిన్నాక మా పెదనాన్నకి గొంతు పెగిలి దెబ్బలాడటం ఎలా కుదురుతుంది? “ఏమన్నాడురా అన్నయ్యా?” అని నాన్నగారు అడిగితే, ఆయన చాలాసేపు ఆలోచించి, “పనసపొట్టు కూరలో ఆవ భలే కుదిరిందిరా,” అన్నారు. బాబాయి మాత్రం, “ఆయన చెప్పేదాంట్లోనూ సబబు ఉందన్నయ్యా,” అనేశాడు. నాన్నగారి సైన్యంలో మొదటి రోజే ఒకడు అటు కలిసిపోయాడన్నమాట.

“ఇద్దరు చాలలేదు, అంతే,” అన్నారు నాన్నగారు. మంగళవారం ఆరుగురు వెళ్ళారు. గుత్తి వంకాయ తిని వచ్చారు. వాళ్ళలో ముగ్గురు సైన్యాన్ని వెనక్కి పిలిపించాలంటున్నారు, ఇద్దరు పెరుగు గురించి మాట్లాడుతున్నారు, ఒకాయన అక్కడే పడక్కుర్చీలో నిద్రపోయాడట. అవతల మావయ్యగారు, “ఎంతమందినైనా పంపమనండి, కడుపునిండా పెట్టి పంపిస్తాను. మాట మాత్రం మారదు,” అని కబురు చేశారు. నాన్నగారికి పౌరుషం వచ్చింది. బుధవారం పద్నాలుగుమందిని పోగుచేశారు. దూరపు చుట్టాలు, కొట్టు గుమస్తా, ఆఖరికి మా వీధిలో సైకిళ్ళ షాపాయన కూడా. (ఆయనకి మా సంగతేమీ తెలియదు. కూరేంటో కనుక్కుని మరీ బయల్దేరాడు.) వాళ్ళు బారులుతీరి వంతెన ఎక్కుతుంటే డాబా మీద నాకు ఏడుపు వచ్చింది. ఒక్కరంటే ఒక్కరు కూడా నన్నుగానీ అతన్నిగానీ ఏమీ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో అని మూడు రోజులుగా అద్దం ముందు అభ్యాసం చేస్తున్నానే!

ఆ రోజు అక్కడ జరిగింది తర్వాత బాబాయి పూసగుచ్చినట్టు చెప్పాడు. పద్నాలుగుమందీ వసారాలో సర్దుకుని కూర్చున్నారు. లంక మీద చర్చ మళ్ళీ మొదలైంది. అబ్బాయి సెలవు పెట్టి వచ్చి అందరికీ మజ్జిగ గ్లాసులు అందిస్తున్నాడు. అత్తగారు లోపల మూడో గుండిగ అన్నం వారుస్తున్నారు. అప్పుడు పాలత్త వచ్చింది. కాలువకి ఇటూ అటూ అన్ని ఇళ్ళకీ పాలు పోసేది ఆవిడే. పెరుగు చాలదని అత్తగారు ఆ పూట మళ్ళీ కబురంపారట. సైకిళ్ళ షాపాయన సరదాగా, “పాలత్తా, నువ్వు చెప్పు. ఇంకా మిలట్రీని పంపాలా, వెనక్కి పిలిపించాలా?” అన్నాడు.

ఆవిడ క్యాను కింద పెట్టి, “నాకేం తెలుత్తాదండి బాబూ. మా పెద్దోడు ఆడే ఉన్నాడు కదండి. ఉత్తరం వచ్చి ఇరవై రోజులైపోయిందండి,” అంది.

ఆవిడ కొడుకు మిలట్రీలో ఉన్నాడని అందరికీ తెలుసు. అక్కడే ఉన్నాడని ఎవరికీ తెలియదు. రోజూ రెండు పూటలా ఇంటింటికీ వచ్చే మనిషి, కానీ ఎవరూ అడిగిన పాపాన పోలేదు. అత్తగారు గరిటె పట్టుకునే బయటికి వచ్చారు. “ఇంక చాలండి. మీ ఇద్దరి యుద్ధానికీ మూడు రోజులుగా పొయ్యి ముందు కాలిపోతున్నది నేనండి. రేపు తాంబూలాలకి వెళుతున్నాం. కాదంటే ఈ పద్నాలుగుమందికీ రేపు మీరే వండి పెట్టండి.” మావయ్యగారు జీవితంలో మొదటిసారి అండి కూడా అనకుండా తలూపారట.

సాయంత్రం ఆయన ఒక్కరే వంతెన దాటి వచ్చారు. అమ్మ కాఫీ ఇచ్చింది. చుక్క మిగల్చకుండా తాగి, “రేపు పదింటికండి బావగారూ,” అన్నారు. అంతవరకూ బుద్ధిగానే జరిగింది. ఆ తర్వాత జీవితమంతా ఇద్దరూ దాన్నే సాక్ష్యంగా వాడుకున్నారు. మూడో పటాలం దింపబట్టే పెళ్ళి కుదిరిందని నాన్నగారు. వచ్చిన పటాలాలన్నీ తిని పడుకున్నాయి, మేం ఎవర్నీ పంపకుండా కూర్చోబట్టే కుదిరిందని మావయ్యగారు. ఆ లెక్క మా పిల్లలు పుట్టాక కూడా తేలలేదు. అందరికీ మజ్జిగ పోస్తూ తిరిగావు కదా, ఒక్క మాటైనా అనలేకపోయావా అని మా ఆయన్ని చాలా ఏళ్ళ తర్వాత నిలదీశాను. “నాన్న దిగిరాకపోతే గురువారం సైకిలేసుకుని నేనే వద్దామనుకున్నాను. టైర్లో గాలి కూడా కొట్టించి ఉంచాను,” అన్నాడు. ఆ ముక్క ఆ రోజే తెలిసి ఉంటే డాబా మీద అన్ని బట్టలు ఉతకకుండానే ఆరేసేదాన్ని కాదు.

తాంబూలాలైన మర్నాడు పాలత్త గుమ్మంలోకి రాగానే గిన్నె పట్టుకుని పరుగెత్తాను. “పాలత్తా, నా పెళ్ళి కుదిరిపోయింది!” అన్నాను. ఆవిడ నా గడ్డం పుచ్చుకుని, “సల్లగా ఉండమ్మా,” అని ఒక గిద్దెడు ఎక్కువ పోసింది. నేను లోపలికి వచ్చేశాను. ఉత్తరం వచ్చిందా అని అడగలేదు. అడగాలని తోచనే లేదు. పెళ్ళయిన రెండో ఏట పుట్టింటికి వెళ్ళినప్పుడు పాల క్యాను పట్టుకుని పాలత్త పెద్దకొడుకే వచ్చాడు, కొంచెం కుంటుతూ. నాన్నగారూ మావయ్యగారూ అతన్ని చెరో పక్కనా కూర్చోబెట్టుకుని, ఇంకా మందిని పంపి ఉంటే గెలిచేవాళ్ళమా లేదా చెప్పమన్నారు. అతను ఇద్దరూ చెప్పింది చాలా ఓపిగ్గా విని, “ఏమోనండి, అది మాకెవరూ చెప్పలేదండి,” అని నా వైపు తిరిగి, “పాలు ఎన్ని పొయ్యమంటారండి?” అన్నాడు. అప్పుడు తట్టింది నాకు. ఈసారి మాత్రం కాలు ఎలా ఉందని అడిగాను, వాళ్ళమ్మ ఎలా ఉందని అడిగాను, అవసరం లేకపోయినా రెండు గిన్నెల నిండా పోయించుకున్నాను. గిద్దెడు పాలు ఎక్కువ వచ్చాయని మురిసిపోతూ లోపలికి పరుగెత్తిన ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. దగ్గరికి పిలిచి నెత్తిన చిన్నగా ఒక మొట్టికాయ వెయ్యాలనీ అనిపిస్తుంది.