వాదీ దాటిన లోబెడ్

కరోనా ఆంక్షలు ఎత్తేసిన తర్వాతి చలికాలంలో నన్ను సౌదీలోని దమ్మామ్ యార్డు నుంచి తబూక్ వైపు వెళ్లే కాన్వాయ్‌కి సూపర్‌వైజర్‌గా వేశారు. పడమటి కొండల్లో కొత్త పట్టణం కోసం నేల చదును చేస్తున్న రోజులవి. మూడు వందల మంది పనివాళ్లు అక్కడ గుడారాల్లో ఉండేవారు. బోరు నీటిలోని ఉప్పు తీసే యంత్రాన్ని మేం వాళ్లకు చేర్చాలి. దాన్ని మోసేది లోబెడ్, అంటే బరువైన సామాన్ల కోసం నేలకు దగ్గరగా కట్టిన పొడవాటి ట్రైలర్. నడిపేది తెలంగాణలోని నిర్మల్ నుంచి వచ్చిన గంగారాం. ముందు నా పికప్పు. వెనక, ఇరుక్కున్న బండ్లను లాగే రికవరీ ట్రక్కుతో పెషావర్ నుంచి వచ్చిన ఖాన్.

నాలుగో రోజు పొద్దున ఒక వాదీ దగ్గర ఆగిపోయాం. వాదీ అంటే ఏడాదంతా ఎండి ఉండే వాగు. ముందు రోజు వానకు పొంగి తారురోడ్డును కోసుకుపోయింది. వరద తీసింది గానీ బురద మిగిలింది. క్యాంపుకు వెళ్లే నీళ్ల ట్యాంకర్లు కూడా మా వెనకే ఆగాయి. అక్కడ ఒక్క రోజుకు సరిపడా నీళ్లే ఉన్నాయని క్యాంపు బాస్ ఫోన్‌లో చెప్పాడు.

ఆమోదించిన దారి వదలాలంటే ప్రాజెక్టు ఇంజనీరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఈజిప్టు మనిషి. ఫోన్ చేస్తే వెనక్కి తిరిగి వేరే దారిన రమ్మన్నాడు. అది మూడు రోజుల ప్రయాణం.

గంగారాం ఇనుప కడ్డీ తీసుకుని బురదలోకి దిగాడు. అడుగడుగునా పొడిచి చూస్తూ ఎగువకు నడిచాడు. అరగంటకు కేకేశాడు.

"అన్నా, ఇటు రా! ఈడ జానెడే బురద. కిందంత కంకరనే. బండి దిగవడదు."

"లోడుతోని పోతదా?"

"నేనైతే తోల్త. నువ్వు కాయితం తెప్పియ్."

నేను టేపు పట్టి లోతులన్నీ రాసి, ఫొటోలతో సహా పంపాను. ఇంజనీరు ఎన్నో ప్రశ్నలు వేసి, చివరకు ఒక షరతుతో అనుమతి పంపాడు. ముందు ఖాళీ బండి దాటాలి.

ఖాన్ తన రికవరీ ట్రక్కుతో దాటాడు. పట్టు పెరిగేందుకు గంగారాం టైర్లలో గాలి తగ్గించి బయలుదేరాడు. సగం దూరంలో వెనక చక్రాలు ఉన్నచోటే తిరగసాగాయి. ఖాన్ అవతలి గట్టు నుంచి ఉక్కు తాడు వదిలాడు. నేను బురదలో పరుగెత్తి లోబెడ్ ముందు కొక్కానికి తగిలించాను. "ఆహిస్తా, ఆహిస్తా!" అని, మెల్లగా రమ్మని ఖాన్ అరుస్తూనే లాగాడు. లోబెడ్ అంగుళం కదిలింది, ఆగింది, మళ్లీ కదిలి గట్టెక్కింది! ట్యాంకర్ల వాళ్లు హారన్లు మోగించి, మా చక్రాల జాడల్లోనే వరుసగా దాటారు.

సాయంత్రానికి క్యాంపు చేరాం. పనివాళ్లు ఈలలు వేస్తూ గంగారాంను భుజాలకెత్తుకున్నారు. "నన్ను దించుండ్రి, ముందుగాల చాయ వెట్టుండ్రి! నీళ్లొచ్చినయ్ గద!" అన్నాడతను నవ్వుతూ.

ఇంజనీరు మొదట కాదనడం తప్పు కాదు. అప్పటికి నా దగ్గర తొందర తప్ప ఇంకేమీ లేదు. కొలతలు చూశాకే ఆయనకు సంతకం పెట్టే కారణం దొరికింది. పై అధికారితో వాదించే ముందు నేల మీద నడిచి రావాలని ఆ వాదీలో నేర్చుకున్నాను.