కిటికీలోంచి కుర్చీ

సత్రం నడిపే ప్రిండిల్ దొర కుర్చీ వెనక్కి వాల్చి, కాళ్ళు బల్లమీదికి చాపి, జర్మనీ నుంచి వచ్చినవాళ్ళకు పని చేతకాదని చెబుతూ వెల్లకిలా పడ్డాడు. చేతిలోని సారాయి మాత్రం ఒలకలేదు.

ఆ కుర్చీ చేసింది యోస్ట్ హేబర్లింగ్. రైన్ నది ఒడ్డున ఓడెక్కి ఫిలడెల్ఫియాలో దిగినవాడు. పొట్టి మెడ, పెద్ద చెవులు. కోపం వస్తే ముందు చెవులే ఎర్రబడతాయి. దుంగ వంకరగా చీలితే దాన్ని తన భాషలో తిడతాడు. "కాస్త మెల్లగా! నన్నే తిడుతున్నావనుకుంటారు" అంటుంది భార్య కాథరీనా. చేసిన ప్రతి కుర్చీనీ అటక కిటికీలోంచి పెరట్లోకి విసురుతాడు. విరిగింది పొయ్యిలోకి, నిలిచింది అంగట్లోకి.

ఆ చలికాలమంతా ఇల్లు గడవాల్సింది చర్చి కుర్చీల పనితోనే. దాన్ని పురమాయించడానికి చర్చి పెద్ద వచ్చి కూర్చున్న సమయానికే, ప్రిండిల్ నడుం పట్టుకుని, పనివాడి నెత్తిన కుర్చీ పెట్టించుకుని వచ్చాడు.

"ఏమయ్యా, ఇది కుర్చీయా, పిచ్చి గుర్రమా? మీ దేశంలో మనుషులు కూర్చోరా?"

చర్చి పెద్ద తాను కూర్చున్న కుర్చీలోంచి మెల్లగా లేచాడు. యోస్ట్ చెవులు ఎర్రబడ్డాయి. పనివాడి నెత్తిమీది కుర్చీ లాక్కుని అటకెక్కి, కిటికీలోంచి విసిరాడు. అది పెరట్లో రెండుసార్లు ఎగిరి పక్కకు ఒరిగింది. ఒక్క కీలూ కదల్లేదు.

"మరి కాస్త వెనక్కి వాలగానే నేనెందుకు పడ్డాను?" అని అరిచాడు ప్రిండిల్.

యోస్ట్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"నాలుగు కాళ్ళు పెట్టిచ్చాను దొరా, మీరు రెండింటిమీదే కూర్చున్నారు!"