వెన్ను అటువైపున్న పుస్తకం

ఆ గ్రంథాలయం కింది అంతస్తులో, మెట్ల పక్క గదిలో ఇరవై రెండేళ్ళుగా పుస్తకాలు కుట్టే ఆవిడను అందరూ దారమక్క అనే పిలిచేవారు. ఊడిన కాగితాలూ చిరిగిన అట్టలూ ఆ గదిలోకి వెళ్ళి మళ్ళీ పుస్తకాలై బయటికి వచ్చేవి. ఆవిడ కుట్టినది ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆ మాట తనంతట తాను అనేది కాదు గానీ, ఎవరైనా అంటే కాదనేదీ కాదు.

ఒకరోజు పై నుంచి రెండు పుస్తకాలు వచ్చాయి. జపాన్ వాళ్ళ మాంగా బొమ్మలు గీయడం నేర్పే పుస్తకాలు. ఎవరో దానంగా ఇచ్చారు. లోపలి రాత అక్కడ ఒక్కరికీ రాదు, బొమ్మల కోసమే జనం తీసుకెళ్ళేవారు. జిగురు ఎండిపోయి కాగితాలు రాలుతున్నాయి. దారమక్క ఒకటి తెరిచి చూసింది. ఒకటో పేజీ చివర ఉంది. కాగితాలు అతికి ఉండే వెన్ను కుడివైపు ఉంది.

"కళ్ళు మూసుకుని కుట్టాడు మహానుభావుడు" అనుకుంది.

కాగితాలన్నీ విడదీసి, పాత జిగురు అంచు కత్తిరించి, ఒకటో పేజీ పైకి వచ్చేలా పేర్చి, అన్ని పుస్తకాల్లాగే ఎడమవైపు కుట్టింది. గట్టి అట్ట వేసింది. ఎవరో చేసిన తప్పు దిద్దానన్న తృప్తితో పైకి పంపింది.

మూడు వారాలకు ఒకాయన పుస్తకం పట్టుకుని గది గుమ్మంలో నిలబడ్డాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. యాభై దాటిన మనిషి, గోళ్ళ సందుల్లో గ్రీజు నలుపు.

"అమ్మా, ఇది కుట్టింది మీరేనా?"

"నేనే. ఏం, ఊడిందా?"

"ఊడలేదండీ. గుర్రం రెండు ముక్కలైంది."

పుస్తకం తెరిచి చూపించాడు. రెండు పేజీల మీద పరచుకున్న పెద్ద బొమ్మ. పరుగెత్తే గుర్రం. తల పుస్తకం మధ్యలోకి వచ్చింది, తోక దాని మూతి పక్కనే వేలాడుతోంది, పొట్ట సగం ఈ అంచునా సగం ఆ అంచునా తెగిపోయి ఉంది.

"గీసినవాడే అలా గీశాడేమో" అంది దారమక్క.

"ఇదివరకు బాగానే ఉండేదండీ. ఏడాదిగా దీన్ని చూసే నేర్చుకుంటున్నా."

"మీరా? బొమ్మలా?"

ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. "రోజంతా లిఫ్టు గుంతలో ఉంటానండీ. పైన నడిచేవాళ్ళ కాళ్ళు తప్ప ఏమీ కనపడవు. మొహాలు గీద్దామనిపించింది."

దారమక్కకు ఆ మాట అర్థమైంది గానీ గుర్రం అర్థం కాలేదు. పేజీల అంకెలు వరసగానే ఉన్నాయి. కుట్టు వంకరలేదు. మరి తప్పెక్కడ? తాను దిద్దిన పుస్తకమే చెడిందంటే ఒప్పుకోవడానికి మనసు రాలేదు. రెండు పుస్తకాలూ సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళింది.

ఇంట్లో ఉండేది అత్తాకోడళ్ళిద్దరే. అత్తగారికి చదువు రాదు, చూపు మాత్రం సూదిలో దారం ఎక్కించేంత ఉంది. ఆదివారం పొద్దున్న దారమక్క పెన్సిలు చెక్కుకుని బల్ల ముందు కూర్చుంది. చెప్పినట్టు గీసి చూస్తే పుస్తకం సరిగ్గా ఉందో లేదో తేలిపోతుంది కదా అని ఆవిడ లెక్క.

మొదటి పాఠంలో వరసగా నాలుగు గళ్ళు. మొదటి గడిలో పూర్తి మొహం, కొబ్బరికాయంత కళ్ళు, ఎగిరే జుట్టు. రెండో గడిలో జుట్టు పోయింది. మూడో గడిలో కళ్ళూ పోయాయి. నాలుగో గడిలో ఒక సున్నా, దాని మీద అడ్డగీతా నిలువుగీతా.

దారమక్క తిప్పలు పడి మొదటి మొహం గీసింది. అది మొహంలా లేదు, మూత ఊడిన కుండలా ఉంది. తర్వాత గడి ప్రకారం జుట్టు చెరిపింది. కళ్ళు చెరిపింది. కాగితం నలిగి బొచ్చు లేచింది. చివరికి సున్నా మిగిలింది.

"ఏం చేస్తున్నావే?" అంది అత్తగారు.

"బొమ్మలు నేర్చుకుంటున్నానత్తయ్యా. ముందు గీసి తర్వాత చెరపమంటోంది. ఎందుకో అంతుపట్టడం లేదు."

అత్తగారు పుస్తకం మీదికి వంగి చూసింది. "ఎక్కడైనా మొహం నుంచి సున్నాకి పోతారా? సున్నా నుంచి మొహానికి వస్తారు గానీ. అటు నుంచి నరుక్కురా."

దారమక్క కుడివైపు గడి నుంచి చూసింది. సున్నా, గీతలు, కళ్ళు, జుట్టు, మొహం. పేజీ తిప్పింది. చెయ్యీ అంతే, కాలూ అంతే. ఆ దేశంలో పుస్తకం కుడి నుంచి ఎడమకు నడుస్తుందని అప్పుడు తట్టింది. కళ్ళు మూసుకుని కుట్టింది ఎవరో కాదు, తానే.

మర్నాడు గ్రంథాలయాధికారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "మీరు కుట్టాక నేనూ చూసే సంతకం పెట్టానమ్మా. మళ్ళీ కుట్టెయ్యండి" అన్నాడు.

మళ్ళీ కుట్టింది. అయితే రెండువైపులా కత్తి పడ్డ కాగితాలు వేలెడు సన్నబడ్డాయి. గుర్రం తలా తోకా చోటికి చేరాయి గానీ పొట్ట కాస్త కుట్టులో కలిసిపోయింది.

మెకానిక్ వచ్చి చూసి, "బక్కచిక్కింది, పరవాలేదు, పరుగెత్తుతుంది" అన్నాడు.

దారమక్క ఆయనకు కుడి ఎడమల సంగతి చెప్పింది.

"అయితే ఏడాదిగా నేను గీసి గీసి చెరుపుతున్నది..."

"మీరూనా?"

"చెరపడం కూడా ఒక విద్యేమో అనుకున్నానండీ. చివరికి సున్నా మాత్రం బాగా వచ్చేది."

అప్పటినుంచి ఇద్దరూ సున్నాతో మొదలుపెట్టారు. ఆయన శనివారాలు వచ్చి గీసినవి చూపించేవాడు, ఆవిడ తనవి చూపించేది. గీత కుదిరింది గానీ అయోమయం తగ్గలేదు. చెంప మీద చుక్క పెడితే చెమటో సిగ్గో తెలియదు. నుదుటి మీద గీతలు కోపమో తలనొప్పో రాసి ఉంది, చదవడం రాదు.

ఒక శనివారం ఆయన ఒక ఆడమనిషి మొహం గీసుకొచ్చాడు. నోరు బాగా తెరిచి, కళ్ళు మూసి, వాటి పక్కన రెండు బొట్లు. దారమక్క అటు తిప్పీ ఇటు తిప్పీ చూసింది.

"నవ్వుతోందా, ఏడుస్తోందా?"

"గీసింది నేనే గానీ నాకూ తెలీదండీ."

కాగితం ఇంటికి తీసుకెళ్ళి అత్తగారికి చూపించింది. ఆవిడ చేతిపని ఆపి, ఒకసారి చూసి, తేలిగ్గా చెప్పేసింది.

"ఉల్లిపాయలు తరుగుతోంది."