ఆడకుండ్రి అన్న చాంద్ పాషా

అమ్మే సరుకును తానే తిట్టే మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. మా చిట్కుల్‌కు రండి, చాంద్ పాషాను చూపిస్తాను. ఆటోలో ఫోన్ కవర్లు వేసుకుని కంపెనీ గేట్ల ముందు అమ్ముతాడు. లోకంలోని మైకులన్నీ రండి రండి అంటుంటే, ఈయన మైకు మాత్రం "రాకుండ్రి, దండుగ సరుకు" అంటుంది.

"ఈ కవరు ఆగుతదా భాయ్?" అని ఒకసారి అడిగాను.

"ఫోన్ కంటె ముందు ఇదే పల్గుతది. తీస్కోకు సత్తన్నా."

తీసుకున్నాను. ఫోను ఎప్పుడో పోయింది, కవరు ఇంకా ఉంది.

నా హోటల్ మేడమీద కిరాయికుండే ప్రియాంక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని మానేసి, ఫోన్లో ఆడే గేము ఒకటి తయారుచేసింది. ట్యాంకర్లనూ కుక్కలనూ తప్పించుకుంటూ పరుగెత్తి షిఫ్టు బస్సు ఎక్కాలి. ఫేస్‌బుక్‌లో పెట్టింది, గోడలకు పోస్టర్లు అతికించింది. ఎవరూ పట్టించుకోలేదు. నేను ఫోన్లో ఎక్కించుకున్నాను గానీ ఎలా తెరవాలో తెలియక ఊరుకున్నాను.

"ఎవరో ఒక్కరే రోజూ ఆడుతున్రు కాకా. ఆ ఒక్కరి కోసమే ఉంచిన," అంది ఒకనాడు, చాయ్ తాగకుండానే. "శుక్రవారం దాకా చూస్త. గప్పటికి గిట్లనే ఉంటే తీసేసి మళ్ల ప్యాకింగ్‌కు పోత."

పక్క బల్ల మీద చాంద్ పాషా సాసర్‌లో చాయ్ ఊదుకుంటున్నాడు.

"తీసెయ్ బేటీ. గలీజ్ గేము."

పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని మెట్లెక్కింది. నాకు ఒళ్లు మండింది.

"నీకేమన్న బుద్ధున్నదా భాయ్?"

"నేనేమన్న? సరుకు సంగతి చెప్పిన."

తెల్లారేసరికి ఇస్నాపూర్ గేటు దగ్గర మైకు మోగింది. "షిఫ్టు బస్సు గేము ఆడకుండ్రి. కర్దనూరోళ్లు మూడో లెవల్ దాటిన్రట. మీతోని కాదు, మీరు డ్యూటీకి పోండ్రి." కర్దనూర్ గేటు దగ్గరికి పోయి ఇస్నాపూర్ వాళ్లు దాటారని చెప్పాడు. బిహార్ కుర్రాళ్లుండే గదుల ముందు ఇదే మాట హిందీలో తిప్పాడు. రెండూళ్ల పౌరుషం పొడుచుకొచ్చింది. గురువారం పొద్దున జనమంతా తలలు వంచి గేములో బస్సు వెంట పరుగెడుతుంటే, అసలు బస్సు వాళ్లను వదిలేసి వెళ్లిపోయింది. సూపర్‌వైజర్ ఎగిరి గంతులేశాడు, కోపంతో.

శుక్రవారం ప్రియాంక మిఠాయి డబ్బాతో దిగింది.

"చాచా, ఇగ తీసెయ్య."

"ఎందుకు ఉంచుతవు? ఇప్పుడు గూడ గలీజే. ఆఖరి లెవల్‌ల బస్సు ఎక్కినంక డ్రైవరు మొకం మాడ్చుకుంటడు. గంత ఉరికొస్తే జెర నవ్వొద్దా?"

ప్రియాంక చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది.

"ఆఖరి లెవల్ దాకా పోయింది ఆ ఒక్కరే చాచా. రోజూ ఆడేటోళ్లు."

చాంద్ పాషా మిఠాయి నోట్లో వేసుకుని, "షక్కర్ ఎక్కువైంది" అని తిట్టి, మైకు పెద్దగా పెట్టుకుని ఆటో నడుపుకుంటూ పోయాడు.

ఇప్పుడా గేములో డ్రైవరు నవ్వుతున్నాడు. చాంద్ పాషాకున్నట్టే తెల్ల గడ్డం కూడా వచ్చింది. రొప్పుతూ వచ్చినవాణ్ని చూసి, "ఎక్కకు బిడ్డా, బస్సు ఖరాబున్నది" అంటూ తలుపు తీస్తాడు.