బాపు దూపకు నేను కట్టిన విమానం లెక్క

ఎనకట నేనొక లెక్క కట్టిన. దాంతోని ఇల్లు కూలలే గని, కూలినా గంత బాధ ఉండకపోవు. చెప్త, ఇనుండ్రి. నా తెలివికి నవ్వుండ్రి, మా బాపుకు నవ్వకుండ్రి.

పోలీసు యాక్షన్ అయిన కొత్తల మాట. మోత్కూర్ల నాకంటె సదివినోడు లేడని నా నమ్మకం. ఏడో తరగతి పాసైన మరి. చెట్లు లేని ఊర్ల ఆముదమే పెద్ద చెట్టంటరు. నేను ఆముదం చెట్టు కింద గడ్డిని, అయినా నీడంత నాదే అనుకునేది.

మా బాపు మంచం పట్టి నెలయింది. మా అన్న సాయిలు బొంబాయిల ఒక సేటు ఇంట్ల వంట చేస్తుండె. సేటు పనిమీద పట్నమొస్తుండు, అన్నను గూడ విమానంల తోలుకొస్తుండని టెలిగ్రాం వచ్చింది. బుధవారం పొద్దుగాల బొంబాయిల ఎక్కుతె, మూడు గంటలల్ల బేగంపేటల దిగుడు.

"పెద్దోడు ఇంటికి ఎప్పుడొస్తడ్రా?" అన్నడు బాపు ఆ బుధవారం పొద్దుగాల.

బడి పుస్తకంల పటం తీసి వేళ్ళతోని కొలిచిన. బొంబాయి నుంచి పట్నం నాలుగు వేళ్ళు, మూడు గంటలు. పట్నం నుంచి మోత్కూరు అర వేలు. అంటె ఇర్వై మూడు నిమిషాలు. విమానం మా ఊర్ల దిగదని నాకెర్కే. గని లెక్క గంత మంచిగ కుదిరినంక ఇడిసిపెట్ట బుద్ధి కాలే.

"పగటీలికి ఇంట్ల ఉంటడు బాపూ."

"అయితె వాని చేతి నీళ్ళే తాగుత. పగటీలి దాక ఆగలేనా."

ఆఖరి నీళ్ళు పెద్దకొడుకు పొయ్యాలె, మా దిక్కు అదే రివాజు. బాపు దూపైతున్నా పొద్దటి సంది చుక్క ముట్టలే.

పొద్దు నడినెత్తి మీదికొచ్చింది, పగటీలి దాటింది. "ఏడున్నడ్రా?" అన్నది అమ్మ.

"మబ్బులు అడ్డమొచ్చుంటయి."

పొద్దుగూకింది. "ఇప్పుడేడున్నడు?"

"ఎదురుగాలి ఉన్నట్టుంది."

"మీ అన్నకు ఎదురుగాలి కాదురా, నువ్వే ఎదురైనవ్" అన్నది అమ్మ. నేను చెంబు పట్టుకొని పోతె బాపు మొఖం తిప్పుకున్నడు. పెదవులు ఎండిన మక్క పొట్టు లెక్కయినయి. నాకు తెల్వదు బాపూ అంటె అయిపోవు. ఏడో తరగతి అడ్డమొచ్చింది.

తెల్లారి ఇగ ఆగలేక బాపు కాళ్ళ కాడ కూసున్న.

"బాపూ, లెక్క తప్పు. నడుమ తెగ్గొట్టిన తొవ్వలున్నయి, మిలిట్రీ క్యాంపులున్నయి. అవి కొలవలే."

"నాకెర్కేరా. ముప్పై ఏండ్లు బండి తోలిన, పట్నం దూరం నాకు తెల్వదా?"

"మరి నీళ్ళెందుకు తాగలే?"

"సదువుకున్నోనివి గద. నీ లెక్కనే నిజమైతదేమో అనుకున్న. ఇగ పొయ్యి బిడ్డా."

రెండు గుక్కలు తాగిండు. మూడోది లోపలికి పోలే.

అన్న శనివారం నడుచుకుంట వచ్చిండు. భువనగిరి కాడ మిలిట్రీవాళ్ళు ఆపి, ఎట్లొచ్చినవని అడిగిండ్రట. విమానంల వచ్చిన అన్నడట. మాసిన ధోతి కట్టినోడు ఆ మాటంటె ఎవరు నమ్ముతరు? దొంగ మాటలు చెప్తుండని రెండు రోజులు కూసోవెట్టిండ్రు.

"నడిచొచ్చిన అంటె ఇడిసేటోళ్ళేమోరా తమ్ముడూ" అని అన్న ఏడ్చిండు. నేను ఏడ్సుకుంటనే నవ్విన, సిగ్గు లేకుంట.

అందుకే గుట్ట నర్సింహస్వామి మీద ఒట్టు వెట్టుకున్న. ఎవరన్న వచ్చి ఏ ఊరు ఎంత దూరమని అడిగితె, ముందుగాల చెంబెడు నీళ్ళిస్త. తాగినంకనే లెక్క చెప్త.