పదో తరగతికి కంచె

ఇంతకు ముందు నేను రాయలేకపోవడానికి కారణాలు చాలా గొప్పవి. ఆడపిల్ల పలక పట్టుకుంటే చేపల తట్ట ఎవరు మోస్తారని మా నాన్న అడిగాడు. నా మొగుడికి ఆ మాత్రం ప్రశ్న కూడా తోచలేదు. మా పొడంపేటకి బడి వచ్చేసరికి నాకు కోడలు వచ్చింది.

చివరికి నాకు అక్షరాలు నేర్పిన గురుమాకి కూడా నిజానికి నాతో పనిలేదు. హైస్కూల్లో పంతులమ్మని, తెలుగు సరిహద్దు దాటిన మా ఊళ్ళో గురుమా అంటాం. ఆవిడకి కావలసింది పదో తరగతి చదివే మా మనవరాలు.

రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగలో తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలంలో సర్కారు వేట ఆపిస్తుంది. గుడ్ల చుట్టూ కంచె వేస్తారు, కాపలా పెడతారు, ఒడ్డున దీపాలు ఆర్పిస్తారు. వేట లేని మా మగాళ్ళు పెళ్ళాం పిల్లలతో సహా కేరళలో రొయ్యలు ఒలవడానికి రైలెక్కుతారు. పదో తరగతి పరీక్షలూ అప్పుడే. పిల్లలకి మాత్రం కంచె లేదు, వాళ్ళు గుడ్లు కారు కదా. ఖాళీ బెంచీలు చూసి హెడ్మాస్టరు, బడి ప్రశాంతంగా ఉందని మెచ్చుకునేవాడు.

కొత్తగా వచ్చిన గురుమాకి ఆ ప్రశాంతత నచ్చలేదు. హల్దియాపదర్ నుంచి బస్సులో వచ్చి, బడి వదిలాక ఇల్లిల్లూ తిరిగేది. చెప్పుల్లో ఇసక, నోట్లో ఉపన్యాసం. నువ్వు నర్సువి, నువ్వు ఇంజనీరువి అని పదవులు పంచుతుంటే, ఎన్నికలప్పుడు కూడా మా ఊళ్ళో ఇన్ని పంచలేదని నవ్వుకున్నాం. కానీ లెక్కల్లో సున్నా తెచ్చుకున్న వెధవల్ని పక్కన కూర్చోబెట్టుకుని, పడవకి పోసే డీజిలుతో లెక్క మొదలుపెట్టేది. ఆ వెధవలు ఆదివారం కూడా బడికి పోసాగారు.

మా మనవరాలు మాత్రం ఆవిడని చూస్తే గోడ దూకేది. గురుమా అరుగు మీద కూర్చుని, ఊరికే ఉండలేక నా చేత తెలుగు అక్షరాలు దిద్దించేది.

"అదేటి నాన్నమ్మా, 'క'కి కాలిరిగిపోనాదా?" అని పిల్ల కిటికీలోంచి పగలబడి నవ్వేది. తర్వాత నాకు దిద్దిపెట్టడానికి వచ్చింది. ఆ తర్వాత తన లెక్కల పుస్తకం తెచ్చుకుంది. నన్ను ఎరగా వేశారని అప్పుడు తెలిసింది. చేపలమ్ముకునేదాన్ని, నన్నే!

ఈ ఏడు పరీక్షల ముందు మా అబ్బాయి పిల్లకి కూడా టికెట్టు తెచ్చాడు. గురుమా పరుగున వచ్చింది.

"పరీక్షలయ్యాక పంపించు బాబూ. తప్పకుండా పాసవుతుంది."

"పాసయితే ఏటొస్తాది గురుమా? రొయ్య తలకాయ తియ్యడానికి సర్టిఫికేటడగరు."

"తలకాయలు తియ్యకూడదనే కదా నా గోల!"

"ఈడొచ్చిన పిల్లని ఒంటరిగా వదిలీసి ఎల్లిపోమంతారా? అమ్మ కూడా మాతోనే వస్తాది. మా ముఠా అంతటికీ వండేదెవులు?"

గురుమా నా వైపు చూసింది. ఏటా నేను వంటకి వెళ్తున్నాను. వస్తావా అని నన్నెవరూ అడగలేదు, గిన్నెలతో పాటు సర్దేవారు.

"నాను రాను," అన్నాను. "పిల్లా నానూ ఇక్కడే ఉంటాం."

"మరి మాకు కూడెవులొండుతారే?"

"సేతులున్నాయి గదరా."

"ఏటమ్మా, నువ్వు కూడా పదో తరగతి పరీచ్చ రాసేస్తావేటి?"

కోడలు నవ్వు కనబడకుండా మొహం తిప్పుకుంది.

మర్నాడు పొద్దున్న పిల్లని బడికి పంపేసి, వాళ్ళని రైలుకి తీసుకెళ్ళే ఆటో వచ్చేలోగా మా అబ్బాయిని పొయ్యి ముందు కూర్చోబెట్టి గంజి వార్చడం నేర్పాను. చెయ్యి కాల్చుకున్నాడు. మళ్ళీ వార్పించాను.