సారు తినని బెల్లం

మా పాల కంపెనీ ఆ తండాలో పాలకేంద్రం తెరిచిన రోజున నాకు ఇంట్లో పెళ్లి జరుగుతున్నంత హడావిడి. నా ఉద్యోగం జనగామ చిల్లింగ్ సెంటర్లో సూపర్‌వైజరు, సొంతూరు తరిగొప్పుల, తిరుగుడు మాత్రం స్కూటీ మీద ఊరూరా. అప్పటికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ ఒకే జిల్లా. తెలంగాణ ఇంకా రాలేదు. దాని కోసం రోజూ ఎక్కడో ఒకచోట జనం రోడ్డు మీద కూర్చుంటున్న కాలం. దంతాలపల్లి దాటి లోపలికి వెళ్తే ఆ లంబాడీ తండా. ఇంటింటికీ బర్రెలున్నాయి, పాలు అమ్ముకునే దారి లేదు. అక్కడ కేంద్రం పెట్టాల్సిందేనని మా మేనేజరు చెవిలో జోరీగలా పోరి ఒప్పించింది నేనే.

గిరిజనులతో ఎలా కలిసిపోవాలో హైదరాబాదు హెడ్డాఫీసు వాళ్లు మాకు ఒక రోజంతా క్లాసు చెప్పి పంపారు. బ్యానరు కట్టాలట, టోపీలు పంచాలట, ఫొటో దిగాలట. అన్నీ చేశాం. తండా పెద్దలు ఆ టోపీలు తలపాగాల మీదే పెట్టుకుని ఫొటోకి నిలబడ్డారు, పాపం, మా ముచ్చట తీర్చడానికి.

ఆ తర్వాత తండా పెద్ద లేచాడు. ఆయన్ని నాయక్ అంటారు. పళ్లెంలో బెల్లం తెప్పించి ముందుగా మా మేనేజరు చేతిలో ఇంత ముక్క పెట్టాడు. మేనేజరుది గోదావరి జిల్లా, మాట మాటకీ 'అండి' తగిలించే మనిషి. షుగరు కూడా ఉంది. ఆ ముక్కను కళ్లకద్దుకుని, ఇస్త్రీ జేబురుమాలులో మడిచి, చొక్కా జేబులో భద్రంగా పెట్టుకున్నాడు. ఎంత మర్యాదస్తుడో అని మురిసిపోయాను. నా వంతు ముక్క నేను నోట్లో వేసుకున్నాను గానీ, నన్ను లెక్కలోకి తీసుకునేదెవరు?

మర్నాటి నుంచి పాలు వచ్చాయి, ఏదో మొహమాటానికన్నట్టు. ఇంటికో చెంబెడు. క్యాను సగం కూడా నిండదు. కేంద్రం చూసుకునేది నాయక్ కోడలు. పదో తరగతి చదివిన పిల్ల, చురుకైనది, నేనంటే ప్రాణం పెట్టేది. ఆ పిల్ల భర్త అంతకుముందు ఏడు భూపాలపల్లి వైపు బొగ్గు గనుల దగ్గరికి కాంట్రాక్టు కూలికి పోయాడు. పండుగకు ఇంటికొస్తే చంటిపిల్ల అతన్ని ఎవరో అనుకుని గుక్కపట్టి ఏడ్చిందట. పాలకేంద్రం నిలబడితే ఇక పోనని, బర్రెలు చూసుకుంటూ ఇక్కడే ఉంటానని అన్నాడు. ఈలోగా హెడ్డాఫీసు నుంచి ఫోను వచ్చింది. నెలాఖరులోగా క్యాన్లు నిండకపోతే కేంద్రం ఎత్తేస్తారట. అతను సంచి సర్దుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఒక పొద్దున స్కూటీ ఆపి కోడలి మీద విరుచుకుపడ్డాను.

"ఏందమ్మా గిది? బర్రెలు కండ్ల ముందట్నే ఉన్నయి, పాలేవి? కేంద్రం ఎవలికి గావాలె, మీకా, నాకా?"

ఆ పిల్ల క్యాను తుడుస్తూనే ఉంది. తలెత్తకుండానే అంది.

"ఏమనుకోకక్కా. మీ సారు బెల్లం తినలే గద."

నా మొహం చూసి లోపలికి పిలిచింది. జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు పెట్టి కూర్చోబెట్టి చెప్పింది.

"పిల్లనడగనీకి వస్తరు గదా. మాటలన్ని అయినంక అందరి ముందర రెండు దిక్కులోల్లు బెల్లం తింటరు. తింటెనే మాట ఖాయం. తినకుంటె మాట లేదు, కోపం గూడ లేదు. ఎవలింటికి వాళ్లు పోతరు. మీ సారు జేబుల ఏస్కొని పోయిండు. ఎటూ తేల్చక ఇంకా సోంచాయిస్తున్నడేమో అని మా మామ సూస్తుండు. అందాక మర్యాదకు తలా ఇన్ని పోస్తున్నరు."

"గీ ముక్క నాకు ముందే చెప్పొద్దా?"

"బెల్లం తినుమని ఎవలన్న అడుగుతరా అక్కా? తినబుద్ధయితె తినాలె."

మా పొలంలో నాట్లకీ కోతలకీ తండావాళ్లు వచ్చేవారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నాను. మావాళ్లెవరైనా వాళ్ల వాకిట్లో కూర్చుని ఇంత తిన్నట్టు మాత్రం గుర్తులేదు. పక్కపక్కనే ఇన్నేళ్లు బతికి ఈ చిన్న సంగతి తెలియకపోయింది. రొట్టె మాత్రం ఎంత బాగుందో, ఇంకొకటి అడిగి మరీ తిన్నాను.

జనగామ వచ్చి చెప్తే మేనేజరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అయ్యయ్యో! ప్రసాదం అనుకున్నానమ్మా. మా ఆవిడ చేతికిచ్చాను. దేవుడి గూట్లో పెట్టింది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అది ఇప్పటికీ అక్కడే ఉందట, చీమలు పట్టకుండా నీళ్ల పళ్లెంలో గిన్నె పెట్టి మరీ. "రేపే వెళ్లి తినేస్తానండి" అన్నాడు. అడిగి తింటే కుదరదని, వాళ్లంతట వాళ్లు మళ్లీ పెట్టాలని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

నెలాఖరు దగ్గరపడింది. అయినా ఆయనకు మనసాగక ఒక తెల్లవారుజామున తనే పాల వ్యానెక్కాడు, నేను కూడా ఎక్కాను. తండాలో ఆ చెంబెడు పాలే పోశారు. తిరుగుదారిలో వేరే ఊళ్ల పాలు కూడా ఎక్కించుకుని దంతాలపల్లి చౌరస్తాకు వచ్చేసరికి ఇరుక్కుపోయాం. అక్కడ వంటావార్పు. ఊళ్లకు ఊళ్లు వచ్చి రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతులు తీరి తినడం. ఉద్యమంలో అదొక పండుగ లాంటి పోరాటం. మా వెనకే ట్రాక్టరులో తండా అంతా దిగింది, నాయక్, కొడుకు, కోడలు అందరూ.

ఎండ ముదురుతోంది. మేనేజరు వ్యాను దిగడానికి జంకుతున్నాడు. నోరు విప్పితే ఏ వైపు మనిషో తెలిసిపోతుంది. ఆ రోజుల్లో ఆయన బజారులో కూరగాయలు కూడా వేలు చూపించే కొనేవాడు. సినిమాల్లో మా మాటను వెక్కిరించినప్పుడల్లా నాకు మండేది గానీ ఈ మనిషిని చూస్తే మాత్రం జాలే.

ఆయనే అన్నాడు. "ఈ పాలు జనగామ చేరవమ్మా. అక్కడ పొయ్యిలున్నాయి, ఇచ్చేద్దాం."

"హెడ్డాఫీసుకు ఏం చెప్తరు సార్? విరిగినయనా?"

"ఎందుకండీ అబద్ధం? తాగారని చెప్తాను."

ఆ మాటకు ఆయన మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. క్యాన్లు దించాం. తండా ఆడవాళ్లు పెద్ద గంజులో పాలు కాచి బియ్యం పోశారు. ఉడికాక దించి బెల్లం కలిపారు. మోదుగాకు డొప్పలో మొదటి గరిటె పోయించుకుని నాయక్ నేరుగా మా సారు దగ్గరికి వచ్చాడు. తండావాళ్లంతా చేతిలో పని ఆపేశారు. కోడలు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది, పక్కన భర్త.

సారు నావైపు చూశాడు. "మాత్ర ఏస్కుందురు సార్" అన్నాను మెల్లిగా.

తిన్నాడు. నిలబడి, అందరూ చూస్తుండగా, డొప్ప అంచుకు అంటుకున్నది కూడా వేలితో తుడిచి తిన్నాడు. తర్వాత పెద్దగానే అన్నాడు, "చాలా బాగుందండి. ఇంకొంచెం వేయించండి."

"గీ సారు ఆంధ్రాయన గదా?" అన్నారు గుంపులో ఎవరో.

నాయక్ అటు తిరిగాడు. "అయితేంది? మన తెలంగాణ మనకు రావాలె, వస్తది. గీయన మా బెల్లం తిన్నడు. మాకు సుట్టం. బంతిల జాగ ఇయ్యుండ్రి."

మర్నాడు రోడ్లు తెరిచారు. పొద్దున్నే వెళ్లేసరికి కేంద్రం ముందు తండా అంతా చెంబులూ బిందెలతో బారు తీరి ఉంది. మా క్యాన్లు చాలక కోడలు ఇంట్లో గంజులు కూడా బయటికి తెచ్చింది. నన్ను చూసి నవ్వుతూనే కళ్లొత్తుకుంది. నేను ఆమె భర్త కోసం వెతికాను. భూపాలపల్లికి సర్దుకున్న సంచి ఖాళీ చేసి, దాన్నిండా బర్రెలకు తవుడు మోసుకొస్తున్నాడు. చంటిపిల్ల అతని కాలిని చుట్టుకుని వదలడం లేదు.